లోయ లెక్క: మూసీ, ఈసీ ఎగువ నేలలు మారితే నీటికి ఏమవుతుంది

(జలవనరుల విద్యార్థులు, రైతులు, గ్రామ ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్, వికారాబాద్ వైపు గ్రామాల నుంచి వచ్చిన పెద్దలకు, రైతులకు, సివిల్ ఇంజనీరింగ్, పర్యావరణ శాస్త్రం చదువుతున్న విద్యార్థులకు నా ధన్యవాదాలు. నాకు ఇచ్చిన ప్రశ్న సూటిగానే ఉంది. పొలాలు వెంచర్లుగా, వెంచర్లు కాలనీలుగా మారుతున్నప్పుడు ఆ నేల మీద పారే నీటికి ఎంత నష్టం జరిగిందో, ఇంకెంత జరగబోతోందో ఎలా తేల్చాలి? ఏ లెక్కను నమ్మాలి?

సాధారణ సూత్రాలు నాలుగు చెప్పి ముగించవచ్చు. కానీ నీటి విషయంలో సూత్రం ఎప్పుడూ ఒక ఊరి నేలకు, ఒక వాగు వాలుకు కట్టుబడి ఉంటుంది. అందుకే మనం బతుకుతున్న లోయనే తీసుకుంటాను. మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుంది. ఈసీ కూడా ఈ పడమటి ఎత్తుల నుంచే వస్తుంది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట చెరువు, ఈసీ మీద హిమాయత్‌సాగర్ ఉన్నాయి. రెండూ దాటాక నదులు బాపూఘాట్ దగ్గర కలిసి, నగరం మధ్యగా పారి, చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలో చేరతాయి. ఉస్మాన్‌సాగర్‌కు ఎగువన సుమారు 740 చదరపు కిలోమీటర్ల నేల ఉంది. హిమాయత్‌సాగర్‌కు 1,300 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఇక్కడ కూర్చున్న చాలామంది పొలాల్లో పడి, ఇంకగా ఆవిరి కాగా మిగిలిన వాన ఈ రెండింటిలో ఏదో ఒక చెరువుకు నడుస్తుంది.

ఈ లోయను మొదటిసారి మొత్తంగా లెక్క కట్టినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. సుమారు 15,000 మంది ప్రాణాలు పోయాయని అంచనా. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. ఆయన నగరంలో గట్టు ఎంత ఎత్తు కట్టాలన్న ప్రశ్న దగ్గర ఆగలేదు. ఎగువకు వెళ్లి చెరువులను లెక్కపెట్టించారు. నగరానికి ఎగువన 788 చెరువులున్నాయనీ, అంటే ఇంచుమించు చదరపు మైలుకు ఒకటి చొప్పున ఉన్నాయనీ, ఆ వరదలో 221 తెగాయనీ నమోదు చేశారు. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. అది తెగితే దాని కిందిది. నగరంలో జరిగిన చావులకు కారణం నగరంలో లేదు, ఎగువ లోయలో ఉందని ఆయన లెక్క చూపించింది. ఆ లెక్క మీదే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడం వాటి మొదటి పని, తాగునీరు ఇవ్వడం రెండోది. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ శుద్ధి కేంద్రానికి నీరు మోటారు లేకుండా వాలు మీదే నడిచి వచ్చేది. ఇవాళ కృష్ణా నీటిని వంద కిలోమీటర్ల పైనుంచి ఎత్తిపోసుకుంటున్నాం. ఆ కరెంటు ఖర్చు చూసిన వారికి ఆ వాలు విలువ తెలుస్తుంది.

ఇక జీవో 111 సంగతికి వస్తాను. 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను కట్టడి చేసింది. సుమారు 1,32,600 ఎకరాలు దాని కిందికి వచ్చాయి. హిమాయత్‌సాగర్ దగ్గర ఒక నూనె ఉత్పత్తుల పరిశ్రమ వివాదంలో సుప్రీంకోర్టు 1999లోనూ 2000లోనూ ఇచ్చిన తీర్పులు ఈ దేశపు పర్యావరణ న్యాయానికి పునాదిరాళ్లు. నష్టం జరిగిందని నిరూపించే భారం చెరువు తరఫున మాట్లాడేవారిది కాదు, నష్టం జరగదని నిరూపించే భారం కట్టాలనుకునేవారిదేనని న్యాయస్థానం చెప్పింది. విద్యార్థులు ఆ తీర్పులను తప్పక చదవాలి. తర్వాత 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలాయి. 2023 మేలో జీవో 111ను పూర్తిగా ఎత్తివేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించింది. నగరానికి ఈ చెరువుల నీరు ఇప్పుడు పెద్దగా అవసరం లేదన్నది ప్రధాన వాదన.

నేను జీవో 111ను సమర్థించేవాడిని. అయినా దానిలో ఉన్న లోపాన్ని చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. 10 కిలోమీటర్లు అనేది పటం మీద వృత్తలేఖినితో గీసిన గీత. నీరు ఆ గీతను చూసి ఆగదు. లెక్క చూడండి. 1,32,600 ఎకరాలంటే దాదాపు 540 చదరపు కిలోమీటర్లు. రెండు జలాశయాల పరీవాహక ప్రాంతం రెండు వేల చదరపు కిలోమీటర్ల పైన. అంటే ఆ ఉత్తర్వు కాపాడిన నేల నాలుగో వంతు మాత్రమే. అందులోనూ కొంత భాగం చెరువుకు దిగువన ఉంది, అక్కడి చుక్క కూడా చెరువులోకి రాదు. మరోవైపు వికారాబాద్ వాలు మీది ఒర్రె, అంటే చిన్న వాగు, 10 కిలోమీటర్లకు ఎంతో అవతల ఉన్నా దాని నీరు నేరుగా చెరువుకే వస్తుంది. కాబట్టి గీత ఉండాలా పోవాలా అన్న వాదనలో మనం ముప్పై ఏళ్లు గడిపాం గానీ, లోయను లోయగా కొలిచే పని మొదలుపెట్టలేదు. నేను ఇవాళ అడుగుతున్నది ఆ కొలతనే.

ఈ లోయ మన ముందు పెట్టిన ఒక చిక్కుముడి ఉంది. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. హిమాయత్‌సాగర్‌లోకి వచ్చే నీరు 1980ల నుంచి తగ్గుతూ వచ్చింది. వాన తగ్గిందా అంటే, చెప్పుకోదగినంత తగ్గలేదు. ఈ పరీవాహక ప్రాంతం మీద 2014లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ తేడాకు కారణాలు వెతికింది. బోర్ల కింద సాగు పెరగడం, భూ వినియోగం మారడం, వాటర్‌షెడ్ పథకాల కింద కట్టిన చెక్‌డ్యాములు, ఊటకుంటలు, కందకాలు, ఇవన్నీ కలిసి వాగుల నీటిని మధ్యలోనే ఆపేశాయని తేలింది. మంచి ఉద్దేశంతో కట్టినవీ ఇందులో ఉన్నాయని గమనించండి. చెక్‌డ్యాం వల్ల ఎగువ రైతుకు ఒక తడి అదనంగా దొరికింది. ఆ తడిని నేను తప్పు పట్టను. అయితే ఊటకుంటలో ఇంకిన నీరు వేసవిలో మళ్లీ వాగులోకి ఊరాలి. ఊరకముందే బోరు దానిని తోడేస్తోంది. మన నేల కింద చాలాచోట్ల గ్రానైటు రాయి. పైన పది, ఇరవై మీటర్ల మేర కుళ్లిన రాయి, దాని కింద పగుళ్లు, ఆ కింద గట్టి బండ. నీరు నిలవగల చోటే తక్కువ. వానలో సుమారు పదో వంతు మాత్రమే కిందికి చేరుతుంది. పడమట వికారాబాద్ వైపు నల్లరాయి, ఎర్రటి జేగురు రాయి. అక్కడ నీటి నడక వేరు. అందుకే ఈ లోయ అంతటికీ ఒకే లెక్క వేయకూడదు.

ఇదంతా ఎగువ సంగతి. చెరువుకు దగ్గరగా వచ్చేసరికి కథ తిరగబడుతుంది. అక్కడ నేల మీద కాంక్రీటు, తారు పరుచుకుంటున్నాయి. నీరు ఇంకే చోటు తగ్గి, పడిన వాన పడినట్టే పరుగెత్తుతోంది. ఒకే లోయలో రెండు వ్యతిరేక శక్తులు పనిచేస్తున్నాయి. ఎగువన చిన్న, మధ్య రకం వానలు చెరువుకు చేరకుండా ఆగిపోతున్నాయి. దిగువన పెద్ద వాన ఒక్కసారిగా విరుచుకుపడుతోంది. ఏడాది మొత్తం వచ్చిన నీటిని కూడి సగటు చూస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. రోగికి పొద్దున చలి, సాయంత్రం నూట నాలుగు జ్వరం ఉంటే రెంటినీ కలిపి సగటు తీసి ఒళ్లు బాగానే ఉందని చెప్పినట్టు ఉంటుంది. ప్రాజెక్టు నివేదికల్లో సంవత్సరపు సగటు ప్రవాహం అన్న వరుస కనబడితే వెంటనే అడగండి: వాన వారీగా ఎంత? నెల వారీగా ఎంత? వేసవిలో వాగు ఎన్ని రోజులు పారింది? వరద వచ్చి ఎన్ని గంటల్లో తీసిపోయింది? ఆరోగ్యం బయటపడేది అక్కడే.

ఈ చెరువులు ఏళ్ల తరబడి నిండక, ఇక పనికిరావని కొందరు తీర్మానించుకున్న రోజుల్లో 2020 అక్టోబరు వచ్చింది. హిమాయత్‌సాగర్ గేట్లు దాదాపు పదేళ్ల తర్వాత తెరవాల్సి వచ్చింది. అదే వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు, మైలార్‌దేవ్‌పల్లి వైపు పల్లె చెరువు తెగాయి. కింది కాలనీల్లో మనుషులు చనిపోయారు. 2025 సెప్టెంబరు చివరలో రెండు జలాశయాల గేట్లు ఎత్తిన రాత్రి మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి చొచ్చుకొచ్చింది. నీటి అవసరం తీరిపోయింది కాబట్టి చెరువుతో పని లేదనేవారు దాని మొదటి పని వరదను పట్టుకోవడమని మరచిపోతున్నారు. విశ్వేశ్వరయ్య దానిని కట్టమన్నది ఆ పనికే.

ఇప్పుడు లెక్క ఎలా వేస్తారో చూద్దాం. విద్యార్థులు కాగితం తీయండి. రైతు సోదరులు కూడా వినండి, ఇందులో కష్టం ఏమీ లేదు. ఒక వానలో ఎంత నీరు ఇంకుతుంది, ఎంత పారుతుంది అని అంచనా వేయడానికి అమెరికా నేల సంరక్షణ శాఖ తయారుచేసిన పద్ధతి ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది. దానిని కర్వ్ నంబర్ పద్ధతి అంటారు. నేల రకం, దాని మీద ఏముంది అన్నదాన్ని బట్టి 100 లోపు ఒక సంఖ్య ఇస్తారు. సంఖ్య పెరిగే కొద్దీ ఇంకడం తగ్గుతుంది. బాగా దున్ని పంట వేసిన మెట్ట పొలానికి 75 అనుకుందాం. అదే పొలం ఇరుకు ప్లాట్ల కాలనీ అయితే 90 అనుకుందాం. 100 మిల్లీమీటర్ల వాన పడితే పొలం నుంచి 41 మిల్లీమీటర్లు పారుతుంది, కాలనీ నుంచి 73. పెద్ద తేడానే. కానీ అసలు తేడా చిన్న వానలో ఉంది. 30 మిల్లీమీటర్లు పడితే పొలం నుంచి 2 మిల్లీమీటర్ల లోపే పారుతుంది. కాలనీ నుంచి 11 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆరు రెట్లకు పైన.

ఆ తేడాను ఎకరాలలోకి మారుస్తాను. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల తేడా అంటే ఎకరానికి 38,000 లీటర్లు. ఇరవై ఎకరాల వెంచరు నుంచి ఒక మామూలు వానకు ఏడున్నర లక్షల లీటర్లకు పైగా నీరు అదనంగా బయటికి పోతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లు నూట యాభై. ఆ వెంచరులో ఇల్లు కట్టుకున్నవారే మార్చి వచ్చేసరికి ట్యాంకరు కోసం ఫోను చేస్తారు. మనకు ఏడాదిలో పడే సుమారు 800 మిల్లీమీటర్లలో 100 మిల్లీమీటర్ల వానలు అరుదు. ముప్పై, నలభై మిల్లీమీటర్ల వానలే మన భూగర్భాన్ని నింపేవి. వాటినే మనం ఎక్కువగా పోగొట్టుకుంటున్నాం.

ఈ పద్ధతిని కళ్లు మూసుకుని వాడకండి. దాని పట్టికల్లో చిన్న ఇంటి స్థలం అంటే ఎకరంలో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 600 గజాలు. మన దగ్గర 150, 200 గజాల ప్లాటులో గోడ నుంచి గోడకు కడతారు, మిగిలిన జానెడు చోటులో టైల్స్ పరుస్తారు. పట్టికలోని సంఖ్యను తెచ్చి అతికిస్తే నష్టం తక్కువగా కనిపిస్తుంది. కన్సల్టెంట్ల నివేదికల్లో నేను మొదట చూసేది ఈ సంఖ్యను ఎక్కడి నుంచి తెచ్చారన్నదే. నల్లరేగడికి, ఎర్ర చల్కకు కూడా తేడా ఉంది. వేసవిలో పగుళ్లిచ్చిన రేగడి మొదటి వానను మొత్తం మింగేస్తుంది, ఆగస్టులో తడిసి బిగిసిన రేగడి ఒక్క చుక్కను కూడా లోపలికి రానివ్వదు. అదే నేల, అదే వాన, నెల మారితే లెక్క మారుతుంది.

నీరు ఇంకని ఉపరితలం ఒక లోయలో ఎంత శాతానికి చేరితే వాగు చెడిపోతుంది? అమెరికాలో థామస్ షూలర్ 1990ల్లో అనేక అధ్యయనాలను కూర్చి ఒక అంచనా ఇచ్చారు. 10 శాతం దగ్గర వాగు దెబ్బతినడం మొదలవుతుందనీ, 25 శాతం దాటితే దానిలో సహజమైన జీవం నిలవడం కష్టమనీ. ఇది అక్కడి చల్లని దేశపు వాగుల లెక్క, ఏడాదిలో సగం రోజులు ఎండే మన వాగులకు నేరుగా వర్తించదు. అయినా ఒక హెచ్చరికగా విలువైనది. ఎందుకంటే పది శాతం అంటే కంటికి పచ్చగానే కనిపిస్తుంది. పొలాల మధ్య అక్కడక్కడ ఫామ్‌హౌస్‌లు, రెండు కాలేజీలు, ఒక రిసార్టు, వాటిని కలిపే వెడల్పాటి రోడ్డు. చూడ్డానికి ఇంకా పల్లెటూరే. వాగుకు మాత్రం తేడా తెలిసిపోయింది.

శాతం కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ కాంక్రీటు మీద పడిన నీరు ఎక్కడికి పోతుంది? పక్కన మట్టిలోకి పోతే నష్టం తక్కువ. పైపులోంచి నేరుగా నాలాలోకి పోతే నష్టం పూర్తి. వెంచరు వేసేటప్పుడు మొదట జరిగే పని జేసీబీతో నేలను చదును చేయడం. నాలుగు అడుగుల వెడల్పున్న ఒర్రెలు ఆ రోజే మాయమవుతాయి. వాటికి సర్వే నంబరు ఉండదు, వాటి తరఫున కోర్టుకు పోయేవారుండరు. మన భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు, పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాలకు 2 మీటర్లు వదలాలి. కుంటను వదిలి, కుంటకు నీరు తెచ్చే ఒర్రెను పూడ్చితే నిబంధన పాటించినట్టే లెక్కవుతుంది. కుంట మాత్రం ఎండుతుంది. ఎండిన కుంట పదేళ్లకు శిఖం భూమి, అంటే చెరువు గర్భం, అన్న పేరు కూడా పోగొట్టుకుంటుంది. అందుకే మీ గ్రామ నక్షలు బయటికి తీయండి. వాగులు, కుంటలు, కాలువలు అందులో గీసి ఉన్నాయి. వాటిని ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూడండి. 1970ల నుంచి లాండ్‌శాట్ చిత్రాలున్నాయి, 2015 నుంచి పది మీటర్ల స్పష్టతతో సెంటినెల్ చిత్రాలున్నాయి. రెండూ ఉచితం. దేశానికి ఉపగ్రహ సమాచారం అందించే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన బాలానగర్‌లోనే ఉంది. ఈ పనికి డబ్బు లేదని ఎవరూ అనలేరు.

నిర్మాణం జరుగుతున్న కాలం గురించి ఒక్క మాట. తవ్వి వదిలేసిన మట్టి ఒక్క వానాకాలంలో పంట పొలం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కొట్టుకుపోతుంది. అది చెరువులో పూడికగా కూర్చుంటుంది. రెండు జలాశయాల సామర్థ్యం కలిపి దాదాపు 7 టీఎంసీలు. పూడిక ఆక్రమించే ప్రతి అడుగూ వరదను పట్టుకునే చోటును తినేస్తుంది. పునాదులు తవ్వే పనిని జూన్‌కు ముందు ముగించడం, మట్టి కుప్పల కింద అడ్డుకట్ట వేయడం ఖరీదైన పనులు కావు. అడిగేవారు లేరు, అంతే.

నీటి నాణ్యత విషయానికి వస్తే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొలమానం మనకు ఉంది. శుద్ధి చేసి తాగడానికి వాడే నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ, అంటే నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించకూడదు, కోలిఫాం బ్యాక్టీరియా వంద మిల్లీలీటర్లకు 5,000 దాటకూడదు. బాగానే ఉంది. కానీ నమూనా ఎప్పుడు, ఎక్కడ తీస్తున్నారు? జనవరిలో కట్ట మీద నిలబడి తీసిన సీసాలో నిండు చెరువు పలచన చేసిన నీరు ఉంటుంది. జూన్‌లో మొదటి వాన రోడ్ల మీది నూనెను, పశువుల పేడను, సెప్టిక్ ట్యాంకుల ఊటను కలుపుకుని వాగులో దిగిన మొదటి గంటలో తీసిన సీసాలో ఉండేది వేరు. రెండో సీసా కావాలి. భాస్వరాన్ని ప్రత్యేకంగా కొలవాలి. మురుగులోని భాస్వరం చెరువుకు చేరితే అడుగు బురదలో చేరి కూర్చుంటుంది. పైనుంచి రావడం ఆగిపోయినా ఏళ్ల తరబడి అక్కడి నుంచే నాచుకు, గుర్రపుడెక్కకు మేత అందుతుంది. ఒకసారి చెడిన చెరువు వెంటనే బాగుపడకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. వాగు అడుగున రాళ్లు తిప్పి చూస్తే బతికే పురుగులు కూడా సాక్ష్యం చెబుతాయి. తూనీగల పిల్లపురుగులు ఉన్నాయా, ఎర్రని రక్తపు పురుగులు మాత్రమే మిగిలాయా అన్నది బడి పిల్లలు కూడా నేర్చుకోగల పరీక్ష.

ఇన్ని కొలతలు వేసినా, అనుమతి ఇచ్చే పద్ధతి మారకపోతే ఫలితం లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్ల నిర్మాణ వైశాల్యం దాటిన భవనాలకు, 50 హెక్టార్లు దాటిన టౌన్‌షిప్పులకు ముందస్తు అనుమతి కావాలి. 50 హెక్టార్లంటే 123 ఎకరాలు. మన చుట్టూ వేస్తున్న వెంచర్లు పది ఎకరాలు, ఇరవై ఎకరాలు. ప్లాట్లు చేసి అమ్మేటప్పుడు అక్కడ భవనమే ఉండదు కాబట్టి మొదటి నిబంధన తగలదు, చిన్నది కాబట్టి రెండోది తగలదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే నిజంగానే ప్రభావం స్వల్పం. ఒకే ఒర్రె మీద అలాంటివి పదిహేను వచ్చాయి. చెరువుకు చేరేది పదిహేనింటి మొత్తం. పదిహేను ఫైళ్లలో ఏ ఒక్కదానిలోనూ ఆ మొత్తం రాసి ఉండదు. ఈ లోయకు జరుగుతున్న అతిపెద్ద అన్యాయం ఇక్కడ ఉంది. ఎవరూ చట్టాన్ని మీరకుండానే వాగు చచ్చిపోతుంది.

దీనికి విరుగుడు, అంచనాను ప్లాటు దగ్గర కాకుండా వాగు కలిసే చోట వేయడం. లోయను ఉపలోయలుగా విడగొట్టాలి. ప్రతి ఉపలోయ చివర, వాగు పెద్ద వాగులో కలిసే చోట నీటి ఎత్తును కొలిచే ఒక గేజి పెట్టాలి. అక్కడ 30 మిల్లీమీటర్ల వానకు, 100 మిల్లీమీటర్ల వానకు ఇప్పుడు ఎంత పారుతోందో మూడు, నాలుగు వానాకాలాలు కొలవాలి. ఆ అంకెలే ఆ ఉపలోయకు హద్దు. కొత్తగా ఏది కట్టినా, ఎంతమంది కట్టినా, ఆ చివర కొలత పెరగకూడదు. కట్టేవారు ఊటకుంట తవ్వుతారో, ఇంకుడు గుంతలు వేస్తారో, ఒర్రెను అలాగే వదిలి దాని పక్కన పార్కు పెట్టుకుంటారో వారి ఇష్టం. దాంతోపాటు ఇంచుమించు ఒకే పరిమాణం, ఒకే రకం నేల ఉన్న రెండు ఉపలోయలను ఎంచుకోండి. ఒకటి ఇంకా పొలాలుగా ఉన్నది, ఒకటి వెంచర్లు వస్తున్నది. రెండింటినీ కలిపి కొలుస్తూ పోతే, మార్పు వాన వల్ల వచ్చిందా, కట్టడాల వల్ల వచ్చిందా అన్న వాదనకు తెర పడుతుంది. కోర్టులో నిలబడే సాక్ష్యం అలా తయారవుతుంది. కట్టడాలు వచ్చాక మొదలుపెడితే, ముందు ఎలా ఉండేదో చెప్పడానికి ఎవరి దగ్గరా అంకె ఉండదు.

84 గ్రామాల రైతుల మాట నేను విన్నాను, ఈ గదిలోనూ వారున్నారు. గండిపేట పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టులో ప్రభుత్వ వేలంలో ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. అక్కడికి కొద్ది దూరంలోనే భూమి ఉండి, నగరం కోసం దానిని పొలంగానే ఉంచమంటే ఆ రైతుకు మండుతుంది. అది న్యాయమైన కోపం. నగరం సుఖపడటానికి ఎగువ గ్రామం పేదగా ఉండాలనడం నాకు సమ్మతం కాదు. న్యూయార్క్ నగరం 1997లో తన తాగునీటి పరీవాహక ప్రాంతపు గ్రామాలతో ఒప్పందం చేసుకుంది. ఆ కొండల్లోని రైతుల పశువుల పాకలు వాగుకు దూరంగా జరపడానికి, పాడైన సెప్టిక్ ట్యాంకులు బాగుచేయడానికి నగరమే డబ్బు పెట్టింది. ఇష్టపడి అమ్మినవారి భూమిని ధర ఇచ్చి కొన్నది. వేల కోట్లతో వడపోత కేంద్రం కట్టడం కన్నా అదే చౌక అని లెక్క కట్టుకుంది. మన నగరం వరద నుంచి తప్పించుకున్న ప్రతిసారీ ఆ లాభంలో ఎగువ రైతుకు వాటా రావాలి. నీటిని ఆపి ఉంచే పొలానికి ఏటా ఎకరానికి ఇంత అని ఇవ్వాలి. అంత డబ్బు ఎక్కడిది అంటే, భూమి మార్పిడి రుసుము ఏటా వసూలవుతూనే ఉంది. ఆ డబ్బు పుట్టింది ఈ నేల మీదే, అందులో కొంత ఈ నేలకే తిరిగి రావాలని అడగడానికి మీరు సంకోచించవద్దు.

బెంగళూరు అనుభవం మనకు దగ్గరి హెచ్చరిక. అర్కావతి మీది తిప్పగొండనహళ్లి జలాశయం 1930ల నుంచి ఆ నగరానికి నీరిచ్చింది. దాని పరీవాహక ప్రాంతాన్ని కాపాడుతూ 2003లో కర్ణాటక ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. అప్పటికే నది ప్రవాహం పడిపోయింది. భూగర్భజలం తోడటం, నీలగిరి తోటలు పెరగడం వల్ల వాగులు అడుగంటాయని పరిశోధకులు తర్వాత చెప్పారు. ఉత్తర్వు పరిశ్రమలను చూసింది గానీ బోర్లను చూడలేదు. మనం కట్టడాలను మాత్రమే చూసి బోర్లను వదిలేస్తే మన పని కూడా సగంలోనే ఆగుతుంది. అందుకే గేజితో పాటు ప్రతి ఉపలోయలో కనీసం పది బోర్లలో నీటిమట్టం నెలకొకసారి కొలవాలి. టేపు, దానికి చిన్న బరువు, ఒక నోటుపుస్తకం చాలు. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి మాత్రం తప్పకూడదు.

కాలేజీ విద్యార్థులు ముప్పై మంది ఇప్పటికే పేర్లు ఇచ్చారని నిర్వాహకులు చెప్పారు. వారిని ఒక్కో ఉపలోయకు ఇద్దరు చొప్పున పంపవచ్చు. వాగు మీద రోడ్డు వంతెన ఉన్న చోట్లను ముందు ఎంచుకోండి. స్తంభం మీద రంగుతో అడుగులు, అంగుళాలు గీస్తే అదే గేజి అవుతుంది, వంతెన కింద వాగు అడ్డుకోత కొలతలు, అంటే వెడల్పు, లోతు, ఒకసారి తీసుకుంటే, నీటి వేగంతో కలిపి ప్రవాహం లెక్క కట్టవచ్చు. వర్షమాపకం ఊళ్లో పాఠశాల మేడ మీద పెట్టండి. పొద్దున ఎనిమిదిన్నరకు చదవండి, ఎందుకంటే వాతావరణ శాఖ కూడా ఆ వేళకే చదువుతుంది, రెండింటినీ పోల్చుకోవచ్చు. వరద దిగే రాత్రి మాత్రం ఎవరూ ఒంటరిగా వాగు దగ్గరికి వెళ్లవద్దు, పొద్దున నీటి మరక చూసి ఎత్తు రాసుకుంటే చాలు. ప్రతి నెలా ఆ అంకెలు గ్రామ పంచాయతీ బోర్డు మీద రాయాలి. ఈసీ వైపు వాగులతో మొదలుపెట్టమని నా సూచన, అక్కడ పొలాలు ఇంకా ఎక్కువగా ఉన్నాయి, ముందటి పరిస్థితి నమోదు చేయడానికి సమయం మిగిలి ఉంది. వాగుల పటం తెచ్చాను. ఆ పక్క బల్ల మీద పరుస్తాను, ఏ ఊరివారు ఆ ఊరి ఒర్రెలు ఎక్కడున్నాయో వచ్చి గుర్తు పెట్టండి. పటంలో లేనివి ఉంటే అవి ముందుగా చెప్పండి.